చదువు దేనికొరకు?
(సేవను వృత్తిగా గైకొనిన పట్టభద్రులను గూర్చిన పాఠము)



మన కుండల్‌వాడిలో పొరుగింటి అవ్వ ఒక కాగితము చేతబట్టుకొని మీ గడపకు వచ్చుట మీలో పెక్కుమందికి అనుభవములోనిదే. "బిడ్డా! జర ఇది చదివి చెప్పు. దీంట్ల ఏమున్నది?" అని ఆమె అడుగును. కాగితము మరాఠీలో నున్నది. అవ్వకు తెలుగు మాటలాడుట వచ్చును గాని మరాఠీ చదువుట రాదు. మీరు పాఠశాలలో తెలుగుతోపాటు మరాఠీయు నేర్చుచున్నారు గనుక అక్షరములు కూడబలుకుకొని చదువుదురు. కాని అందలి భావము పూర్తిగా బోధపడదు. అది భూమికి సంబంధించిన నోటీసా? పింఛను కొరకు దాఖలు చేయవలసిన పత్రమా? గడువు ఎన్నటికి ముగియును? గడువు దాటినచో ఏమగును? ఈ ప్రశ్నలకు మీయొద్ద సమాధానము లేదు. అవ్వ నిట్టూర్చి, కాగితము మడిచి కొంగున ముడివేసికొని వెడలిపోవును.

ఆమెపై మీకు దయ లేక కాదు. దయ ఉన్నది. ఆ దయకు తోడు కావలసిన తెలివి, అనగా చట్టమును, కార్యాలయములు నడచు తీరును ఎరిగిన తెలివి మాత్రము ఇంకను అలవడలేదు. దయయు తెలివియు ఒక్కచోట చేరినప్పుడు ఏమి జరుగునో చూపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము. విశ్వవిద్యాలయములలో చదివి, ఆ చదువును పరుల న్యాయము కొరకు వినియోగించి, దానినే తమ జీవితవృత్తిగా చేసికొనిన కొందరిని ఇచ్చట పరిచయము చేసికొందము.

దానము – న్యాయము

మొదట రెండు మాటలకు గల భేదమును గ్రహింపవలెను. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట దానము. వాడు పనిచేసియు ఆకలిగొనుటకు కారణమేమి అని విచారించి, ఆ కారణమును తొలగించుటకు పాటుపడుట సాంఘిక న్యాయము. వేసవిలో చలివేంద్రము పెట్టుట మంచి పనియే. కాని ఊరి బావి యొద్దకు కొందరిని రానీయకుండుట అన్యాయమని చెప్పి, చట్టము ప్రకారము దానిని ఆపించుట వేరొక పని. మొదటిదానికి మంచి మనస్సు చాలును. రెండవదానికి మంచి మనస్సుతోపాటు చదువు, ఓర్పు, లెక్క, సాక్ష్యము అన్నియు కావలెను. సేవ అనునది ఒక విద్య యగుట ఇందువలననే.

చెరసాలలో దొరికిన పాఠము

శ్రీమతి దుర్గాబాయి దేశముఖ్ గారు 1909 వ సంవత్సరము జూలై 15 వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. బాల్యముననే హిందీ నేర్చుకొని, తోటి బాలికలకు నేర్పుటకై ఒక పాఠశాలను నడిపిరి. 1923 లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఆమె సేవికగా ప్రదర్శనశాల ద్వారమున నిలిచిరి. టిక్కెట్టు లేనివారిని లోనికి పంపరాదని ఆమెకు ఉత్తరువు. జవహర్‌లాల్ నెహ్రూ గారు టిక్కెట్టు లేక వచ్చినప్పుడు ఆమె వారిని సైతము ఆపివేసిరి. అప్పటికి ఆమె వయస్సు పదునాలుగేండ్లు. నియమము అందరికిని ఒక్కటే యను బుద్ధి ఆమెలో అప్పుడే కానవచ్చెను.

1930 లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని ఆమె కారాగారమునకు వెళ్లిరి. 1933 లోపల పలుమారులు ఆమెకు చెరసాల వాసము తప్పలేదు. అచ్చట తనతో నున్న సామాన్య స్త్రీలను ఆమె పరికించిరి. వారిలో చాలమందికి చదువు లేదు. తమ హక్కులేవో తెలియదు. న్యాయస్థానమున తమ పక్షమున మాటలాడువారు లేరు. చెప్పుకొనుట తెలియక శిక్ష ననుభవించుచున్న స్త్రీలను చూచి ఆమె హృదయము కలగెను. వారికి తోడ్పడవలెనన్నచో తాను న్యాయశాస్త్రము చదువవలెనని ఆమె నిశ్చయించుకొనిరి.

విద్యార్థులారా! ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఆలోచింపుడు. అప్పటికి ఆమెకు సుమారు ఇరువది నాలుగేండ్లు. దేశమంతట పేరు వచ్చినది. ఉపన్యాసములు చేయగలరు. అయినను చేతిలో మెట్రిక్యులేషన్ పట్టా సైతము లేదు. ఆమె సిగ్గుపడక మొదటి మెట్టునుండి ప్రారంభించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణురాలైరి. పిమ్మట ఆంధ్ర విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రము నభ్యసించిరి. అచ్చట స్త్రీలకు వసతిగృహము లేకుండుట అడ్డంకి కాగా, చదువదలచిన మరికొందరు బాలికలను కూడగట్టి వసతి నేర్పరచుకొనిరి. ఆ పైని మద్రాసులో న్యాయశాస్త్ర పట్టము పొంది, 1942 లో న్యాయవాద వృత్తి నారంభించిరి.

ఆమె చదువు ఆమెతోనే ఆగిపోలేదు. 1937 లో మద్రాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించి, బడి మానివేసిన స్త్రీలను మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధపరచిరి. తాను నడచిన దారినే పరులకును వేసిరన్నమాట. 1946 నుండి రాజ్యాంగ సభలో సభ్యురాలై పనిచేసిరి. 1953 లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షురాలైరి. చదువు మధ్యలో ఆగిపోయిన వయోజన స్త్రీలు కొద్దికాలములో పరీక్షకు సిద్ధమగుటకు సంక్షిప్త పాఠ్యక్రమములను ఆ మండలి 1958 లో ప్రారంభించెను. మద్రాసులో కొలదిమందికి చేసిన పని దేశమంతటికిని విస్తరించెను.

మరియొక విషయము. 1953 లో చైనాకు వెళ్లినప్పుడు ఆమె అచ్చటి కుటుంబ న్యాయస్థానములను పరిశీలించిరి. భార్యాభర్తల తగవులు, బిడ్డల పోషణ వంటి వ్యవహారములు సామాన్య న్యాయస్థానములలో ఏండ్లతరబడి నలుగరాదనియు, మన దేశమునను ప్రత్యేక న్యాయస్థానములు కావలెననియు ఆమె చెప్పుచు వచ్చిరి. ఆమె 1981 మే 9 వ తేదీన పరమపదించిరి. కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984 లో వచ్చెను. విత్తినవారు చూడకున్నను చెట్టు ఫలించును. సేవావృత్తిలో నున్నవారు ఇట్టి ఓర్పును అలవరచుకొనవలెను.

1953 లో ఆమె వివాహమాడిన చింతామణ్ ద్వారకానాథ్ దేశముఖ్ గారు మన మహారాష్ట్రమున రాయగడ కోట సమీపమున జన్మించినవారు. రిజర్వు బ్యాంకునకు తొలి భారతీయ గవర్నరుగా నుండిరి. తెలుగింటి బిడ్డయు మరాఠీ ఇంటి బిడ్డయు కలిసి దేశసేవ చేసిన ఈ ఉదాహరణము రెండు భాషల నడుమ పెరుగుచున్న మనకు ప్రీతికరము.

పొలమునుండి బడికి

రెండవ ఉదాహరణము శ్రీమతి శాంతా సిన్హా గారిది. వీరు 1950 జనవరి 7 వ తేదీన నెల్లూరులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రము చదివి, 1976 లో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము పొందిరి. పిమ్మట హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నలంకరించిరి. ఇట్టివారు తరగతిగదికిని గ్రంథాలయమునకును పరిమితమై యున్నను తప్పుపట్టువారు లేరు. కాని వారు రంగారెడ్డి జిల్లా గ్రామములకు వెళ్లి, అప్పుకు బదులుగా వెట్టిపని చేయు కూలీల నడుమ పనిచేసిరి. ఆ కుటుంబముల బిడ్డలు బడిలో గాక పొలములలోను, పశువుల వెంటను ఉండుట చూచిరి.

1981 లో తమ తాతగారును ప్రసిద్ధ చరిత్రకారులును అగు మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేర ఎం. వి. ఫౌండేషన్ అను సంస్థ వెలసెను. ఈ సంస్థ 1990 తరువాత బాలకార్మికులను బడికి చేర్చు పనిని చేపట్టెను. అందలి మూలసూత్రము ఒక్కటే: బడికి పోని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే. ఇంటిలో తమ్ముని ఎత్తుకొని కూర్చున్న బాలికయు ఆ లెక్కలోనిదే.

పని ఎట్లు సాగెనో గమనింపుడు. పది పన్నెండేండ్ల బిడ్డను ఒక్కసారిగా ఒకటవ తరగతిలో చిన్నపిల్లల నడుమ కూర్చుండబెట్టినచో వాడు సిగ్గుపడి పారిపోవును. అందుచేత మొదట కొన్ని నెలలు ప్రత్యేక శిబిరములో నుంచి చదువు నేర్పి, పిమ్మట వయస్సునకు తగిన తరగతిలో చేర్చిరి. నదికి వంతెన వంటిది ఆ శిబిరము. గ్రామ యువకులు ఇల్లిల్లు తిరిగి తల్లిదండ్రులతో మాటలాడిరి. ప్రభుత్వ ఉపాధ్యాయులు కలిసివచ్చిరి. యజమానులతో కలహమునకు బదులు చర్చ జరిపిరి. ఈ కృషికి గాను 2003 లో శాంతా సిన్హా గారికి రామన్ మెగసెసే బహుమానము లభించెను. 2007 లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘమునకు వారు తొలి అధ్యక్షులై 2013 వరకు పనిచేసిరి. ఆరు మొదలు పదునాలుగు సంవత్సరముల వయస్సు గల బిడ్డలందరికిని ఉచిత నిర్బంధ విద్య నిచ్చు 2009 నాటి చట్టము 2010 ఏప్రిల్ 1 వ తేదీన అమలులోనికి వచ్చెను. ఆ చట్టము సరిగా అమలగుచున్నదా యని చూచు బాధ్యత ఈ సంఘమునకే ఒప్పగింపబడెను.

పొరుగు రాష్ట్రపు తెలుగు బిడ్డ

మూడవవారు మనకు మరింత దగ్గరివారు. బెజవాడ విల్సన్ గారు 1966 లో కర్ణాటకములోని కోలారు బంగారు గనుల పట్టణమున జన్మించిరి. మనవలెనే వారిదియు తెలుగు నేలకు వెలుపల నివసించు తెలుగు కుటుంబము. ఆ పట్టణమున నీటి సదుపాయము లేని పాకీదొడ్లను చేతులతో శుభ్రపరచు పని వారి తండ్రిగారిది. అన్నగారును కొంతకాలము ఆ పనియే చేసిరి. కులమును బట్టి ఆ పని తరతరములుగా వారిపై మోపబడినది.

విల్సన్ గారు వసతిగృహములో నుండి చదువుకొనిరి. హైదరాబాదులోని డాక్టర్ బి. ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమునుండి రాజనీతిశాస్త్రమున పట్టము పొందిరి. చదువుకొని ఆ బ్రతుకునుండి తాను మాత్రము బయటపడవచ్చును. వారు అట్లు చేయలేదు. 1986 నుండి తమ పట్టణపు పాకీదొడ్లను గూర్చి అధికారులకు ఉత్తరములు వ్రాయ నారంభించిరి. సమాధానము రానప్పుడు పై అధికారులకు వ్రాసిరి. ఒక ఉత్తరము, దానికి తోడు మరియొక ఉత్తరము! వారి తొలి ఆయుధము అదియే.

1993 లో పార్లమెంటు ఈ పనిని నిషేధించుచు చట్టము చేసెను. కాని కాగితముపై నున్న చట్టము తనంత తాను నడువదు. విల్సన్ గారును వారి మిత్రులును సఫాయి కర్మచారి ఆందోళనము అను సంఘమును స్థాపించిరి. ఊరూర తిరిగి పాకీదొడ్లను లెక్కించిరి, ఛాయాచిత్రములు తీసిరి, పనిచేయువారి వివరములు వ్రాసికొనిరి. "మాయొద్ద ఇట్టి పని లేదు" అని అధికారులు చెప్పినప్పుడు ఆ లెక్కలే సమాధానము చెప్పెను. 2003 లో వారు సుప్రీం కోర్టు నాశ్రయించిరి. 2013 లో మరింత బలమైన క్రొత్త చట్టము వచ్చెను. 2014 మార్చి 27 వ తేదీన కోర్టు తీర్పు చెప్పుచు, 1993 నుండి మురుగు కాలువలలో దిగి మరణించినవారి కుటుంబములకు పదేసి లక్షల రూపాయలు ఇయ్యవలెనని ఆదేశించెను. 2016 లో విల్సన్ గారికి మెగసెసే బహుమానము వచ్చెను. అయినను పని ముగియలేదు. మురుగు గుంటలలో దిగి ప్రాణములు కోల్పోవువారు నేటికిని ఉన్నారు.

ఈ ఉద్యమమునకు అండగా నిలిచినవారిలో ఎస్. ఆర్. శంకరన్ గారు ముఖ్యులు. మద్రాసు లయోలా కళాశాలలో వాణిజ్యశాస్త్రము చదివి, ఐ. ఏ. ఎస్. అధికారియై, ఆంధ్రప్రదేశమున సాంఘిక సంక్షేమ శాఖను నడిపిరి. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము పేదల గడప చేరుటకు పాటుపడిరి. అధికారియై యుండియు పేదల పక్షమున నిలువవచ్చునని వారి జీవితము తెలుపుచున్నది. 2010 లో వారు గతించిరి.

వీరినుండి మనము నేర్వవలసినది

ఒకరు న్యాయవాది, ఒకరు ఆచార్యురాలు, ఒకరు సంఘ నిర్మాత, ఒకరు ప్రభుత్వాధికారి. మార్గములు వేరు. వీరందరియందును మూడు గుణములు సమానముగా గలవు.

మొదటిది, కంట బడిన దుఃఖమునకు కన్నీరు కార్చి ఊరకుండక, దాని కారణమును చదివి తెలిసికొనుట. రెండవది, మాటకు సాక్ష్యమును, లెక్కను జతచేయుట. మూడవది, ఏండ్లు గడచినను విడువకుండుట. కోలారునుండి తొలి ఉత్తరములు వెళ్లిన నాటికిని సుప్రీం కోర్టు తీర్పు వచ్చిన నాటికిని నడుమ ఇరువదియెనిమిది సంవత్సరములు గడచినవని జ్ఞాపకముంచుకొనుడు.

తల్లిదండ్రులకు ఒక మాట

"సేవ చేసినచో కడుపు నిండునా?" అని మీరడుగుట న్యాయమే. రెక్కల కష్టముతో బిడ్డను చదివించువారికి ఆ ప్రశ్న రాక తప్పదు. సేవయనగా జీతము లేని పని అనుకొనుట మాత్రము పొరపాటు. న్యాయవాదికి వృత్తి గలదు, ఆచార్యునికి జీతము గలదు, అధికారికి ఉద్యోగము గలదు. సాంఘిక సేవను శాస్త్రముగా బోధించు తొలి కళాశాల మన దేశమున ముంబయిలోనే 1936 లో దొరాబ్జీ టాటా గారి పేర వెలసెను. నేడది టాటా సాంఘిక శాస్త్రముల సంస్థగా ప్రసిద్ధి చెందినది. మన మరాఠ్వాడాలోని తుల్జాపురమునను దానికి విద్యాలయము గలదు. నాందేడులో స్వామి రామానంద తీర్థ గారి పేర విశ్వవిద్యాలయము 1994 లో ఏర్పడినది. ఆసుపత్రులలోను, బాలల సంరక్షణ కార్యాలయములలోను, కార్మిక సంక్షేమ శాఖలలోను, స్వచ్ఛంద సంస్థలలోను ఇట్టి చదువు చదివినవారికి పని గలదు.

ఉన్న మాట దాచరాదు. ఈ మార్గమున తొలి సంవత్సరములలో రాబడి స్వల్పముగా నుండవచ్చును. చిన్న సంస్థలలో ఉద్యోగము శాశ్వతము కాకపోవచ్చును. కనుక బిడ్డకు గట్టి పట్టమును, చేతనైన ఒక వృత్తివిద్యయు ఉండునట్లు చూడుడు. తన ఇల్లు కూలినవాడు పరుల ఇంటికి నిట్రాడు కాలేడు. ఆడపిల్లను దూరము పంపుటకు సంకోచించు తల్లిదండ్రులు వాల్తేరులో వసతి లేదని వెనుదిరుగక వసతి నేర్పరచుకొనిన దుర్గాబాయి గారిని తలచుకొందురుగాక.

రెండు భాషల బిడ్డకు గల బలము

1956 లో హైదరాబాదు రాష్ట్రము విభజింపబడి మన నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రమున చేరెను. 1960 మే 1 వ తేదీన మహారాష్ట్రము అవతరించెను. ఆ 1956 లోనే రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడినది. భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సదుపాయము కల్పింప యత్నింపవలెనని అది రాష్ట్రములను ఆదేశించుచున్నది. చదువుకొనిన పెద్దలెవరో ఆలోచించి, వాదించి, వ్రాసినందువలననే మనవంటివారికి ఈ హక్కు కలిగినది. మనము న్యాయమును పొందినవారము. పొందినదానిని ఇతరులకు అందించుట మన వంతు.

అందుకు మనకొక బలము గలదు. ఇంట తెలుగు, వీథిలో మరాఠీ, బజారున హిందీ వినుచు పెరిగినవారము మనము. చట్టము ఎంత మంచిదైనను బాధితునికి అర్థమగు భాషలో చెప్పువారు లేనిచో అది అతనికి లేనట్లే. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకును, బాలలకును, షెడ్యూల్డు కులములు, జాతులవారికిని, నిర్బంధములో నున్నవారికిని రాబడితో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము లభించును. తాలూకా స్థాయిలో గూడ దానికి సమితులు గలవు. చెరసాలలో దుర్గాబాయి గారు చూచిన స్త్రీలకు లేనిది నేడు అవ్వకు ఉన్నది. కాని అవ్వకు ఆ సంగతి తెలుపువారెవరు?

విద్యార్థులారా! పట్టము పొందువరకు ఆగనక్కరలేదు. మరాఠీ కాగితము చేతికి వచ్చినప్పుడు తేదీ, కార్యాలయము పేరు, గడువు – ఈ మూడింటిని మొదట గుర్తించి తెలుగులో వ్రాసి యిండు. తెలియని మాటను ఊహించి చెప్పక, గురువులను గాని, తెలిసిన పెద్దలను గాని అడిగి చెప్పుడు. ఒకరి కాగితములోని సంగతి మరొకరి చెవిని వేయకుడు. సేవావృత్తికి ఇవియే ఓనమాలు.

అవ్వ మరల వచ్చును. ఈ మారు ఆమెను నిట్టూర్పుతో వెడలిపోనీయకుడు. "కూర్చో అవ్వా, నేను చదివి చెప్తా" అని పీట వేయుడు. మీ చదువు దేనికొరకో ఆ పీటయొద్దనే మీకు తెలియగలదు.

అభ్యాసము

1. దానమునకును సాంఘిక న్యాయమునకును గల భేదమును మీ ఊరి ఉదాహరణముతో వివరింపుడు.
2. దుర్గాబాయి గారు న్యాయశాస్త్రము చదువ నిశ్చయించుకొనుటకు కారణమేమి?
3. పెద్ద వయస్సు గల బిడ్డను మొదట శిబిరములో నుంచి పిమ్మట బడిలో చేర్చుటవలన ప్రయోజనమేమి?
4. 1993 లో చట్టము వచ్చిన పిమ్మటను విల్సన్ గారు లెక్కలు సేకరింపవలసి వచ్చినదేల?
5. మీ ఇంటికి వచ్చిన ఒక మరాఠీ ప్రకటనను పెద్దల అనుమతితో తీసికొని, దాని సారాంశమును ఐదు తెలుగు వాక్యములలో వ్రాయుడు.